వేలెడు కోతలు

"డాట్రుబాబూ, నన్ను మోసం సేసినారు!" అని గుమ్మంలోనే అరిసినాను. నా పెళ్లాం గున్నమ్మ వద్దంటున్నా, దాని బుజమ్మీద సెయ్యేసుకుని ఆసుపత్రికొచ్చినాను.

ఐదు నెల్ల కిందట ఒడ్డుకి లాగుతుంటే బోటు మీదపడి, మోకాలి పైన తొడెముక ముక్కలైపోనాది. లోపల ప్లేటేసినామన్నారు. సూస్తే వేలెడేసి కోతలు రెండు! అంత కంతలోంచి ఇనుపరేకు ఎలగెల్తాది? అప్పట్నుంచీ మంచానే ఉన్నాను.

డాట్రుబాబు కోప్పడలేదు. ఎక్స్‌రే లైటుకి పెట్టి సూపించినాడు. తొడ పొడుగునా ప్లేటు, తొమ్మిది స్క్రూలు.

"కండంతా కోయకుండా ప్లేటుని లోపల్నుంచే జరిపాం నూకయ్యా. అందుకే ఎముక చక్కగా అతికింది. రెండు నెలల కిందటే నడవమన్నాను కదా?"

"నాకెవులు సెప్పినారు?"

"ఎక్స్‌రే తీశాక నువ్వు ఆటోలో పడుకున్నావు. మీ ఆవిడకి చెప్పాను."

గున్నమ్మకేసి తిరిగినాను. మోసం సేసింది డాట్రు కాదు.

"ఒసే, కట్టుకున్నోడిని రెండు నెల్లు మంచాన పడేస్తావేటే? నీకేటి అన్యాయం సేసినాను?"

గున్నమ్మ నాకేసి సూడలేదు. కుడిసెయ్యి సాపి డాట్రుబాబు ముందు పెట్టినాది. మణికట్టు వంకరగా ఉన్నాది.

"ఇది అతికినప్పుడల్లా ఇరిసేసినాడు బాబూ. ఈయన మంచాన ఉన్నాడు కాబట్టే ఇప్పుడు అతికి నిలబడినాది."

గున్నమ్మ తన బుజమ్మీంచి నా సెయ్యి తీసి నన్నెప్పుడు ఒగ్గేసినాదో తెల్దు. నా కాళ్ల మీద నేనే నిలబడున్నాను.