ఒప్పుకుంటేనే

"ఒక్క కార్డు తియ్యమ్మా. ఒక్కటంటే ఒక్కటి," అన్నాడు పెద్దాయన.

"కుదరదండీ," అంది టారో కార్డులు చూసి జోస్యం చెప్పే ఆమె. "ఇంకొకరి మనసులో ఏముందో వాళ్ళు ఒప్పుకోకుండా చూడను. మీ గురించి అడగండి, చెబుతాను."

"నా గురించి ఏముంది! మందుబిళ్ళలు, మోకాళ్ళ నొప్పులు."

తలుపు పక్కన తన వంతు కోసం కూర్చున్న లావుపాటావిడ కిసుక్కున నవ్వింది.

బట్టల కొట్టు పైన ఇరుకు గది అది. పెద్దాయన ప్రతి శనివారం రొప్పుకుంటూ మెట్లెక్కి వస్తాడు. అడిగేది ఒకటే. కూతురికి తన మీద కోపం ఎప్పుడు పోతుంది?

"ఫోన్ చేస్తే ఎత్తదు. ఇంటికెళ్తే తలుపు తియ్యదు. ఇక్కడికి రాక ఎక్కడికెళ్ళను?" పెద్దాయన గొంతు పెరిగింది. "అసలు నేనేం చేశాను? దాని ఫోన్ తీసి చూశాను. ఎవడితోనో మాట్లాడుతోందని తెలిసి, వాడింటికెళ్ళి నలుగురిలో కడిగేశాను. వాడు అంతటితో మొహం చాటేస్తాడని నేను కలగన్నానా?"

"ఫోన్ చూసేముందు అడిగారా?"

"కన్నతండ్రిని! నేను కూడా అడగాలా?"

"అడగాలి."

ఆమె కార్డులు కలుపుతూనే ఉంది. ఒకటి జారి కింద పడింది. బొమ్మ వంక చూడకుండానే తీసి కట్టలో దోపేసింది.

"ఏదో ఒకటి చెప్పి పంపెయ్యమ్మా, నీకు పుణ్యముంటుంది," లావుపాటావిడ విసుక్కుంది. "అవతల నా బస్సు వెళ్ళిపోతోంది."

"అబద్ధం చెప్పి పంపమంటారా?"

ఆవిడ ఒళ్ళోని సంచీ సర్దుకుంది.

పెద్దాయన బల్ల మీద దబ్బున చరిచాడు. కార్డులు చెదిరిపోయాయి. వెంటనే తన చేతిని తనే చూసుకుని, ఒళ్ళోకి లాక్కున్నాడు.

"ఇంటికెళ్తే మా ఆవిడ గుమ్మంలోనే నిలదీస్తుంది, ఏమందని," అన్నాడు నీరసంగా. "ఈసారీ ఏం చెప్పమంటావు?"

చెదిరిన కార్డులు ఏరుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఇంకా ఒప్పుకోలేదని అమ్మతో చెప్పు, నాన్నా."