బల్బు ఆట

సమ్మెతో యూనివర్సిటీ మూతపడి నెలయింది. తార్నాకలోని అద్దె గదిలో ఉంటూ ఇంజనీరింగు చదివే రాజలింగం ఊరికే కూర్చోలేక ఒక ఆట తయారు చేశాడు. పాత గడియారం తిరుగుతూ ఎప్పుడో ఒకసారి చిన్న బల్బును వెలిగిస్తుంది. వెలగగానే ఎవరు ముందు మీట నొక్కితే వాళ్ల గంట మోగుతుంది.

తనతోపాటే ఉంటూ బి.ఏ. చదివే చెల్లెలు సారలమ్మతో ఆడాడు. పదిసార్లూ ఆమె గంటే మోగింది.

తను చేసిన ఆటలో తనే ఓడటం రాజలింగానికి మింగుడుపడలేదు. మీటలు మార్చాడు, తీగలు బిగించాడు, లేచి గదిలో అటూ ఇటూ తిరిగాడు. “ఇంకొక్కసారి” అంటూ మళ్లీ కూర్చున్నాడు.

ఈసారి బల్బు వెలగనే లేదు. అయినా ఆమె గంట మోగింది.

“బల్బు మాడిపోయింది గదనే! ఎట్ల నొక్కినవ్?”

సారలమ్మ చేతులు ఒళ్లోకి తీసుకుంది.

“బల్బు ఎలిగింది లేంది నాకు తెల్వదన్నా. గడియారంల టక్కుమని సప్పుడైతది, అది ఇని నొక్కుతున్న. కండ్లు మసకవట్టి ఆర్నెల్లాయె. ఇంట్ల చెప్పకు, చదువు మాన్పిస్తరు.”

 రాజలింగం ఆమె చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాడు.

“పుస్తకాలు నేను చదివి ఇనిపిస్త. ముందుగాల దవాఖానకు నడువు.”