చెల్లెమ్మ సర్వరు

“ఇది సర్వరా చెల్లెమ్మా, పాతసామాన్లవాడు కూడా వద్దని వదిలేసిన డబ్బానా?”

అల్లుడు భోంచేసి, తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. కుట్టుమిషను పక్కనున్న కంప్యూటర్ని కాలి బొటనవేలితో తట్టాడు. దానికి మూత లేదు. లోపల ఫ్యాను కందిరీగలా రొద పెడుతోంది.

కోడలు తల తిప్పలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు చూస్తోంది.

“డబ్బానే అన్నయ్యా. సర్వరు లోపలుంది.”

ఇద్దరూ ఒకే మిల్లు ఉప్పు తిన్నవాళ్ళు. ఆయన మిల్లు కంప్యూటర్లన్నిటికీ పెద్ద. ఏసీ గది, మెడలో కార్డు. ఆమె ప్యాకింగులో పన్నెండేళ్ళు నిలబడి పనిచేసింది. రెండు నెలల కిందట మిల్లు ఆమెను గెంటేసింది. అప్పుడాయన ఇదే ఇంట్లో, ఇదే మంచం మీద కూర్చుని, “ఊరికే తీసేస్తారా అత్తయ్యగారూ? ఈవిడ నోరలాంటిది” అని తీర్పు చెప్పి, టీ తాగి వెళ్ళాడు.

అప్పట్నుంచి ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతోంది. మధ్యాహ్నాలు వెబ్ సర్వరు నేర్చుకుంటోంది. అంటే మన పేజీని మన ఇంట్లో, మన కంప్యూటర్లోనే పెట్టుకుని లోకమంతా చూసేట్టు చేసే విద్య. గురువు లేడు. కాన్ఫిగరేషన్ ఫైల్లో ఒక్క సెమికోలన్ మరిచిపోయి మూడు రోజులు తల బాదుకుంది. నాలుగోరోజు అది దొరికిన సంతోషంలో ఒక జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవే కుట్టింది.

ఇవాళ పేజీ తన కంప్యూటర్లో దర్జాగా వస్తోంది. పక్కింటావిడ ఫోన్లో మాత్రం రానంటోంది. టైము మూడు దాటింది.

“నాలుగింటికి ముగ్గురు పెద్దమనుషులు చూస్తామన్నారన్నయ్యా. కనబడితే సరే. లేకపోతే ఇంక దీని ఊసే ఎత్తొద్దన్నారు.”

“అబ్బో! జాకెట్ల డిజైన్లకి ముగ్గురు జడ్జీలా! దానికింత ఆర్భాటం ఎందుకమ్మా? అందరూ ఫొటోలు పెట్టుకునే చోట నువ్వూ పారెయ్యకపోయావా?”

“పెట్టాను. రెండుసార్లు. ఎవరో ఫిర్యాదు చేసి తీయించేశారు.”

“ఎవరివో కాపీ కొట్టుంటావు. దొంగతనానికైనా కాస్త బుర్రుండాలి.”

అత్తగారు టీ తెచ్చింది. “మీరైనా గడ్డిపెట్టండి అల్లుడుగారూ. పొద్దస్తమానం దాని ముందే. మనకెందుకొచ్చిన విద్యలివి?”

“ఏం చెప్పను అత్తయ్యగారూ? సూదిలో దారం ఎక్కించడం అనుకుంది. మా దగ్గర ఇంజనీర్లనే ఆర్నెల్లు ఊరికే నిలబెట్టి చూడమంటాం. అప్పటిగ్గానీ కీబోర్డు ముట్టుకోనివ్వం.”

కోడలు నింపాదిగా అంది: “పోనీలెండన్నయ్యా. మిల్లులో అన్నీ తయారుగా కొని పెడతారు. ఇలా మొదట్నుంచీ చెయ్యడం మీకూ కొత్తేమో. వీధి చివర సెల్‌ఫోన్లు రిపేరు చేసేవాణ్ణి అడుగుతాను.”

“ఎవణ్ణి?”

“సెల్‌ఫోన్లు రిపేరు...”

“లే.”

ఆమె లేచింది. ఆయన కూర్చున్నాడు. పది సెకన్లు చదివాడు. పగలబడి నవ్వాడు.

“నూట ఇరవై ఏడు, సున్నా, సున్నా, ఒకటి. ఇదేం చిరునామానో తెలుసా తల్లీ? ఎవరికి వారే! నీ సర్వరు గోడవైపు తిరిగి కూర్చుని తనలో తనే మాట్లాడుకుంటోంది. బయటివాడు పిలిస్తే పలకొద్దని నువ్వే రాసిచ్చావు. ఇలాంటివాళ్ళని ఏమంటారో మా ఆఫీసుకి రా, చెప్తారు.”

“అలాగా,” అని ఆమె నోటుబుక్కులో రాసుకుంది.

“రాసుకో, రాసుకో. పచ్చడి బండకి పట్టుచీర చుట్టినట్టుంటుంది.”

ఆ వరస మార్చాడు. కాపలా ప్రోగ్రాముకి దారి వదలమని చెప్పాడు. గోడ మీది రూటర్లోకి దూరి, బయటి పిలుపుల్ని ఈ డబ్బాకి పంపమన్నాడు. ఒక్కో పనికీ ఒక్కో ఈసడింపు. చివరికి సర్వరుని ఆపి మళ్ళీ లేపాడు. తన ఫోనుకి ఇంట్లో వైఫై తీసేసి, చిరునామా కొట్టాడు.

నల్లటి తెర మీద కొత్త వరస పడింది.

“చూడు, చివర్న రెండొందలుంది. అంటే అడిగినవాడికి పేజీ అందింది. ఇక చంద్రమండలం నుంచి అడిగినా ఇస్తుంది.”

ఫోన్లో ఫొటోలు ఇంకా గిర్రున తిరుగుతున్నాయి. ఆయన ఫోను జేబులో పడేశాడు.

“చూడరా అన్నయ్యా?”

“ఆడవాళ్ళ జాకెట్లు చూసే ఖర్మ నాకేంటి? లోపల ఏ చెత్త పెట్టుకున్నావో నాకనవసరం. సర్వరు వరకే నా స్థాయి.”

ఆమె చిరునామాని ముగ్గురికీ పంపింది. మూడూ యాభై అయింది.

“ఇది లోకానికి ఎవరు చూపించారని అడిగితే ఏం చెప్పమంటారు?”

“నీవల్ల అయిందంటే నమ్మేవాడెవడు? నా పేరే చెప్పు. ధైర్యంగా చెప్పు!”

“చెప్తానన్నయ్యా. తప్పకుండా చెప్తాను.”

సరిగ్గా నాలుగింటికి తెర మీద మూడు వరసలు పడ్డాయి. మూడింటి చివరా రెండొందలే.

రెండు నెలల కిందట అద్దకం షెడ్డులో విషవాయువు పీల్చి వరసగా కుప్పకూలిన పద్దెనిమిది మంది ఆడవాళ్ళని మిల్లు కెమెరాల్లోంచి తన చేత్తో తుడిచేసిన అల్లుడు, కోడలి ఫోనుకి చిక్కిన ఆ పద్దెనిమిది మందినీ మళ్ళీ తన చేత్తోనే విచారణ సంఘం ముగ్గురి ముందూ పెట్టి, అత్తగారిని ఇంకో కప్పు టీ అడిగాడు.