వరస తప్పింది

హిమజ ముందున్న కంప్యూటర్ తెర మీద ఎర్రగా రెండు మాటలు వచ్చాయి. వరస తప్పింది.

మాటలు తెలుగువే, అక్షరాలు ఇంగ్లీషువి. ఆమె చూసింది, పట్టించుకోలేదు. పొద్దుటి నుంచీ అవి వస్తూనే ఉన్నాయి.

పలాసకు అవతల, జీడితోటల మధ్య ఉన్న ఊరి బడి అది. కిడ్నీలు పాడైనవాళ్లు లేని ఇల్లు ఆ చుట్టుపక్కల తక్కువ. పోయిన వారం ఇక్కడే ఊరంతా పరీక్షకు రక్తం ఇచ్చింది. ఈరోజు ఫలితాలు చెబుతున్నారు. వెతికి చెప్పే పని హిమజది.

అన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయి. ఎవరిది కావాలన్నా ఒక లైను రాసి వెతకాలి. పేరు, వయసు, ఊరు, వాటి మధ్య చుక్కలు, నక్షత్రాలు, బ్రాకెట్లు. ఈ కంప్యూటర్లు పెట్టడానికి విశాఖపట్నం నుంచి వచ్చిన తరుణ్ దాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటాడు. హిమజ గొలుసు అంటుంది.

గొలుసులో ముక్కలు అందరూ ఒకే వరసలో రాయాలని తరుణ్ నియమం. ముందు పేరు, తర్వాత వయసు, ఆ తర్వాత ఊరు. తప్పితే ఎర్ర మాటలు వచ్చేలా చిన్న ప్రోగ్రామ్ కూడా రాసి పెట్టాడు. అది వెతకడాన్ని ఆపదు. సణుగుతుంది, అంతే.

"ఏ వరసలో రాస్తే ఏంటి సార్? దొరికేది అదే మనిషి కదా?" అని హిమజ మొదటిరోజే అడిగింది.

"దొరుకుతుంది. కానీ ఎప్పుడూ ఒకే వరసలో ఉంటే, ఏ ముక్క లేదో కంటికి ఆనుతుంది," అన్నాడతను.

ఇప్పుడతను టీకి వెళ్లాడు.

ఎదురుగా బెంచీ మీద సన్యాసమ్మ కూర్చుంది. పక్కన నీళ్ల సీసాతో మనవరాలు. టెక్కలిలో ఇంటర్ చదువుతోంది. అక్కడ గుంట అంటే ఆడపిల్ల. ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు.

"అక్కా, నాది కూడా సూడాల," అంది ఆ పిల్ల.

"ముందు పెద్దోలది సూడనీవే. వరసుండదేటి?" అని కసిరింది సన్యాసమ్మ.

"వయసెంత మామ్మా?" అని అడిగింది హిమజ.

"నాకేటి తెలుసు తల్లీ. నా పెళ్లినాటికి మా ఊరికి కరెంటు నేదు. నెక్కేసుకో."

పిల్ల కిసుక్కుమంది. "రేషన్ కార్డులో ఒకటుంటాది, ఓటు కార్డులో ఇంకోటుంటాది అక్కా. మా మామ్మకి రెండు వయసులు."

"నోర్ముయ్యే గుంటా. రేతిరంతా సదవడం, పొద్దున్నకి మొకం పూరీలాగ ఉబ్బించుకోడం. నువ్వా నాకు సెప్పీదానివి!"

హిమజ కూడా నవ్వింది. వయసు ఉండవలసిన చోట ఏమీ రాయలేదు. గొలుసు చివర ఒక చుక్క, ఒక నక్షత్రం పెట్టింది. ఎంతైనా సరే అని వాటి అర్థం. ఎర్ర మాటలు మళ్లీ వచ్చాయి.

కంప్యూటర్ మొదట దొరికిన లైను చూపించి ఆగింది.

హిమజ నవ్వూ ఆగింది.

"సెప్పమ్మా. నాను బయపడను."

"క్రియాటినిన్... ఎనిమిది దాటింది మామ్మా."

బడి ముఖం చూడనివాళ్లకి కూడా అక్కడ ఆ మాట తెలుసు. ఎనిమిది అంటే కిడ్నీలు పోయినట్టేనని ఇంకా బాగా తెలుసు. పిల్ల గోడవైపు తిరిగిపోయింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

సన్యాసమ్మ మాత్రం నెమ్మదిగా ఊపిరి వదిలింది.

"ఈపాలి సరిగ్గా వొచ్చినాది."

"ఏమిటి మామ్మా?"

"వరస. ముందు నా కొడుకెల్లిపోనాడు. ఆడెనక ఆడి బాబు, నా పెనిమిటి. అదేటి వరస తల్లీ? ఈపాలి మాయింట్లో ఎవుల్ని పిలవాలన్నా ముందు నన్ను పిలువని గంగమ్మకి మొక్కుకున్నాను. మహతల్లి ఇన్నాది."

మనవరాలి చెయ్యి పట్టుకుని వరండాలోకి నడిచింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు.

"ఏడవకే. నానేటి రేపే ఎల్లిపోతానా? నీ పరీచ్చలయ్యీదాకా ఉంటాను. మీయమ్మకి నువ్వుంటావు. నాకింక బెంగ నేదు."

చెవులకున్న కమ్మలు ఒక్కొక్కటే విప్పింది. పిల్ల అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"పెట్టుకో. సూత్తాను."

లోపలికి తరుణ్ తిరిగి వచ్చాడు. తెర మీద ఎర్ర మాటలు అలాగే ఉన్నాయి.

"ఇదేంటి హిమజా? వయసేదీ?"

"ముసలమ్మకి తెలీదంట సార్."

"చూస్తే తెలీదా, అరవై దాటిందని?"

పేరు పక్కన, వయసు ఉండవలసిన చోట, ఒక బ్రాకెట్ పెట్టాడు. అందులో ఆరు నుంచి తొమ్మిది వరకు అని రాశాడు. దాని పక్కన ఏ అంకె అయినా సరే. చుక్కనీ నక్షత్రాన్నీ కొట్టేశాడు. ఎర్ర మాటలు మాయమయ్యాయి.

ఈసారి వేరే లైను వచ్చింది. సన్యాసమ్మ, డెబ్బై రెండు. క్రియాటినిన్ ఒకటి కూడా లేదు.

హిమజ కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"ఆగు హిమజా! ఇందాక వచ్చింది ఎవరిదో ముందు..."

ఆమె ఆగలేదు. చెప్పిన తప్పు ఎంత తొందరగా దిద్దుకుంటే అంత మంచిదనుకుంది. వరండాలోకి పరుగెత్తింది.

"మామ్మా! నీకేం లేదు! నువ్వు గట్టిగా ఉన్నావు! ఆ ఎనిమిది నీది కాదు, మీ ఊళ్లో ఇంకో సన్యాసమ్మది!"

ముసలామె నవ్వలేదు. లేవలేదు. మనవరాలి ఉబ్బిన ముఖాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది.

మామ్మ పేరే పెట్టినా, అది అత్తగారి పేరని నోటితో పలకలేక తల్లి 'గుంట' అని పిలుచుకునే ఆ రెండో సన్యాసమ్మ, అదే మెట్టు మీద, ఒక కమ్మ చెవికీ ఒక కమ్మ చేతిలోనూ ఉండగా, మామ్మ వైపు చూసింది.