ఈల వినిపించని రెండో ఆట

మునిరత్నమ్మకు అన్నిటికన్నా పెద్ద భయం, మొగుడు ఆదిమూలం రీలు మార్చడంలో ఒక్కసారైనా తప్పుతాడేమోనని. చిత్తూరు టాకీసులో తొమ్మిదేళ్ళుగా ఆపరేటరు. ఒక్కనాడూ తెర తెల్లబడలేదు. ఈ వారం ఇటలీ హత్యల సినిమా.

"హంతకుడెవుడో ఊరందరికన్నా ముందు తెలిసింది నాకేమే!" అంటూ మీసం దువ్వుకుని రెండో ఆటకు బయల్దేరాడు.

"సాల్లే మామా, వాడు నీ గదికొస్తే సెప్పు," అని నవ్వింది.

ఇల్లు టాకీసు గోడ పక్కనే. చంటిదానికి పాలిస్తూ రోజూ గోడ దాటి వినిపించే సినిమాలోని చావుకేకలు లెక్కపెట్టేది. ఈ రాత్రి నాలుగో కేక సగంలో ఆగిపోయింది. కరెంటు పోతేనే ఈలలతో పైకప్పు లేచిపోయే హాలు అది. వాకిట్లోకొచ్చి చూసింది. హౌస్‌ఫుల్ బోర్డు ఉంది, సైకిళ్ళన్నీ ఉన్నాయి. ఒక్క ఈల లేదు.

నా మొగుడు తప్పడు, అనుకుంది గర్వంగానే. చంటిదాన్ని వదిలి కదల్లేదామె. మీరటు పోతుంటే, మెట్లెక్కి ఆపరేటరు గదిలోకి ఒకసారి తొంగి చూడండి.