తలుపు మీది రాయి

జీపు దిగిన పురావస్తు శాఖ అధికారి జయరాం గబగబా నాలుగు అడుగులు వేశాడు. నేరుగా మారెమ్మ వాకిట్లో ముగ్గు మీదికే.

"ఏమప్పా, కండ్లు యాడ పెట్టుకున్నావు? పక్కన నడువు!" అని అరిచింది మారెమ్మ.

"తొక్కితే తొక్కినారులే సార్," లోపలి నుంచి కోడలు సరళ నవ్వింది. "ఊరంతా తామరపూలు వేస్తే మా అత్త కొక్కేలూ నిచ్చెనలూ గీస్తాది. అదీ ఒక ముగ్గేనా?"

"మా అత్త నాకు నేర్పింది అదే. పూలు కావాలంటే మీ అమ్మగారి వాకిట్లో వేసుకోపో."

జయరాంకు ఇవేవీ పట్టలేదు. ఎదురుగా ఉన్న చర్చినే చూస్తున్నాడు. ఎప్పుడో ఒక ఫ్రెంచి ఫాదరు ఎద్దులబండిలో వచ్చి కట్టించాడని ఊళ్లో చెప్పుకుంటారు. చెప్పుకోవడమే. కాగితం ముక్క లేదు.

బెళుగుప్ప రోడ్డు వెడల్పు చేస్తున్నారు. చర్చి అడ్డం. కట్టి రెండు వందల ఏళ్లు దాటినట్టు రుజువు దొరికితే రోడ్డు పక్కకు తిరుగుతుంది. లేకపోతే సోమవారం కూలుస్తారు. పొక్లెయిన్ ఇప్పటికే ఊరి బయట నిలబడి ఉంది.

"సాయంత్రంలోపల రిపోర్టు రాయాలమ్మా. సంవత్సరం చెక్కిన రాయి ఏమైనా ఉందా?"

"తలుపు మీద ఒక రాయి ఉండె. నేను కాపురానికొచ్చిన ఏడు గాలివానకు పడిపాయ. యాడికి పోయిందో."

చర్చి ఊడ్చే పని అప్పట్లో మారెమ్మ అత్తది; రోజూ ఆ రాయి కిందే చీపురు పట్టేది. తర్వాత మారెమ్మది. చర్చి వెనక గోడ పక్కనే ఆమె భర్త పుల్లన్న సమాధి.

"రోడ్డు పడితే మా ఆయన మీంద లారీలు పోతాయి సారూ. పద, ఎతుకుదాం."

పశువుల తొట్టి కింద చూశారు. బడి మెట్ల దగ్గర చూశారు. గాలి దుమ్మెత్తి ముఖాన కొడుతోంది. జయరాం పదేపదే గడియారం చూసుకుంటున్నాడు. మారెమ్మ ఒక్కచోట నిలవడం లేదు. ఆయన ఒక చోట వంగేలోపే ఇంకో చోటికి పరుగు తీస్తోంది.

మధ్యాహ్నం ముసలి తిప్పయ్య వాళ్లను బావి దగ్గరికి తీసుకెళ్లాడు. "కొడవండ్లు నూరుకునే రాయి ఇది. ఆ గాలివాన తర్వాత మేమే ఈడికి లాక్కొచ్చినాము."

రాయి నున్నగా మెరుస్తోంది. మధ్యలో గుంట పడింది. ఒక్క మూల మాత్రం మిగిలింది. అక్కడ ఒక శిలువ, దాని పక్కన రెండు ఇంగ్లీషు అక్షరాలు: జె, హెచ్.

జయరాం నీళ్లు పోసి కడిగాడు. వేళ్లతో తడిమాడు. కాగితం పరిచి పెన్సిలుతో రుద్దాడు. ఆ మూడు గుర్తులే పడ్డాయి.

"సంవత్సరం అరిగిపోయిందమ్మా."

"బాగా చూడప్పా!"

"ఉంటే కదా చూడటానికి."

తిప్పయ్య తల దించుకున్నాడు. "మాకేం తెలుసు సార్? గీతలుండే రాయైతే పదును బాగా వస్తాదనుకుంటిమి."

పొద్దు వాలింది. జయరాం జీపు బానెట్ మీద కాగితాలు పెట్టుకుని 'ఆధారం లభించలేదు' అని రాశాడు. డ్రైవర్ హారన్ మోగించాడు.

మారెమ్మ కాసేపు అటూ ఇటూ తిరిగింది. లోపలికి పోయి ముగ్గు డబ్బా తెచ్చింది. వాకిట్లో నీళ్లు చల్లి గొంతుక్కూర్చుంది.

"ఈ పొద్దులో ముగ్గేమిటికి అత్తా?" అంది సరళ.

"తెల్లారితే ఆదివారం. ఈయప్ప పొద్దున్నే తొక్కి చెరిపేసె గదా. చేతులు ఊరికే ఉండలేకుండా ఉండాయిలే, నువ్వు పో."

సంతకం పెట్టబోతూ జయరాం అటు చూశాడు. ఒక శిలువ. ఒక కొక్కెం. ఒక నిచ్చెన.

రాయి మీద పెన్సిలుతో రుద్దిన కాగితం తీసి చూశాడు. మళ్లీ నేల వైపు చూశాడు.

మారెమ్మ తలెత్తకుండా గీస్తూనే ఉంది: ఆ మూడింటి పక్కన, కొడవళ్లు ఇన్నేళ్లుగా అరగదీసిన మిగతా అక్షరాలన్నీ, వాటి కింద నాలుగంకెల సంవత్సరం.