సేపలు

ఐదు బడుల లైబ్రరీ పుస్తకాల పేర్లన్నీ ఒకే కంప్యూటర్ తెర మీదికి వచ్చిన రోజు, చూడటానికి పై అధికారి వచ్చారు. హైమ టీచర్ ఏడో తరగతి ఆశ్రితను పిలిచి, నచ్చిన పుస్తకం వెతకమంది.

ఆ పిల్ల "సేపలు" అని టైపు చేసింది. అలాంటి పుస్తకాలేవీ లేవంది కంప్యూటర్.

"ముందు చేపలు అనడం నేర్పండి. తర్వాత కంప్యూటర్లు!" అన్నారు అధికారి.

ఆశ్రిత తల దించేసుకుంది. హైమ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కొన్న సాఫ్ట్‌వేరైతే ముట్టుకోనివ్వరు సార్. ఇది ఉచితం, పైగా మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు" అంటూ, సేపలని అడిగినా చేపల పుస్తకాలే చూపించేలా ఆ మాటని అందులో చేర్చేసింది.

"తప్పుని కంప్యూటర్లోకి ఎక్కిస్తారా? తీసెయ్యండి!"

"నా సేత్తో నాను తియ్యను సార్" అంది హైమ, తనూ ఆశ్రిత యాసలోకే దిగి. " అది మాయమ్మ మాట. మీరే తీసీయండి. తియ్యాలంటే ముందు ఆ మాట టైపు కొట్టాల."

అధికారి విసురుగా కీబోర్డు లాక్కుని "సేపలు" అని కొట్టారు. ఐదు బడుల్లో ఉన్న చేపల పుస్తకాలన్నీ తెర నిండా వరసకట్టాయి.

ఆశ్రిత ఎగిరి గంతేసింది.

"టీచరమ్మా, సారుకీ మన మాటొచ్చీసినాది!"